అసలు నంబరిచ్చి దొంగ పేరు రాస్తే ఏం లాభం?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కారు బీమా రేటు చూద్దామని ఒక సైట్లో పేరు, పుట్టిన తేదీ, ఫోన్ నంబరు నింపారు, సాయంత్రానికల్లా ఫోన్లు మొదలై వారం దాకా ఆగలేదు. అందుకని ఇకమీదట బ్యాంకు తప్ప ఏ సైటు అడిగినా నంబరొక్కటి అసలుదిచ్చి, పేరు మాత్రం తప్పుడుదే రాద్దామనుకుంటున్నారు. అది నేరమవుతుందా, తర్వాతెప్పుడైనా చిక్కుల్లో పడతామా, ఇప్పటికే అసలు వివరాలిచ్చేసిన నలభై సైట్ల సంగతేంటి అని మూడు ప్రశ్నలు.

నేను హైదరాబాద్‌లో పద్నాలుగేళ్లుగా కంపెనీల కస్టమర్ డేటాబేసుల మీద పనిచేస్తున్నాను. అంటే మీరు ఫారంలో కొట్టిన అక్షరాలు అవతల ఎక్కడ పడతాయో, ఎవరెవరు చూస్తారో, వాటిని దేనితో కలిపి కుడతారో రోజూ చూసేవాణ్ణి. చూసి చూసి నేనూ చాలా సైట్లకు తప్పుడు వివరాలే ఇస్తున్నాను, దాచుకోవడానికేం లేదు. కానీ మీరనుకుంటున్న పద్ధతిలో మాత్రం ఇవ్వను. అసలు నంబరిచ్చి పేరొక్కటి మార్చడమంటే ముఖానికి ముసుగేసుకుని, వీపు మీద ఇంటి అడ్రసు రాసుకుని తిరగడమే.

పేరుతో మొదలుపెడతాను. డేటాబేసులో పనిచేసేవాళ్లకు అన్నిటికంటే పనికిరాని గడి ఏదంటే, మనిషి పేరే. మన పేర్ల సంగతి మీకు తెలియంది కాదు. ఒకే లక్ష్మి గారు ఇంగ్లిష్‌లో ఒకచోట ఎక్స్ పెట్టి రాస్తారు, ఇంకోచోట కే ఎస్ హెచ్ అని రాస్తారు, ఒకచోట ఇంటిపేరు ముందుంటుంది, ఒకచోట వెనక, మరోచోట పొడి అక్షరం ఒక్కటే. ఇలాంటి పేర్లు పట్టుకుని ఈ మనిషీ ఆ మనిషీ ఒకరేనని తేల్చడం చాలా కష్టం, అందుకే పేరొక్కదాన్నే పట్టుకుని కలపరు. ఫోన్ నంబరుతో కలుపుతారు, అది లేకపోతే ఈమెయిల్‌తో. పది అంకెలు, స్పెల్లింగు తేడాల్లేవు, ఏళ్ల తరబడి మార్చరు, బ్యాంకుకీ అదే, బట్టల షాపుకీ అదే, పిల్లల స్కూలుకీ అదే. పెద్ద ప్రకటనల కంపెనీలకు వ్యాపారులు తమ కస్టమర్ల నంబర్లు, ఈమెయిళ్ల జాబితాలు అప్‌లోడ్ చేస్తుంటారు. నేరుగా కాకుండా హ్యాష్ అనే గణిత రూపంలోకి మార్చి పంపుతారు, ఇది చాలా భద్రం అని చెప్పుకుంటారు కూడా. కానీ ఒకే నంబరుకు ఎవరు లెక్క కట్టినా ఒకే హ్యాష్ వస్తుంది, అందుకే వ్యాపారి జాబితా, ప్రకటనల కంపెనీ దగ్గరున్న జాబితా రెండూ చక్కగా జతపడతాయి. మీరు ఫారంలో రామారావు అని రాశారా, భీమారావు అని రాశారా అన్నది ఆ జతకట్టే పనిలో ఎక్కడా రాదు.

ఇంకో సంగతి. మీ నంబరు తెలిసినవాడికి మీ పేరు తెలుసుకోవడానికి ఎంతసేపు పడుతుందనుకుంటున్నారు? ఏదో ఒక యూపీఐ యాప్‌లో ఆ నంబరు కొట్టి డబ్బు పంపబోతున్నట్టు ఒక అడుగు ముందుకేస్తే చాలు, బ్యాంకు ఖాతాలో ఉన్న పేరు తెర మీదికొస్తుంది. రూపాయి కూడా పంపనక్కర్లేదు. పొరపాటున వేరేవాళ్లకు డబ్బు పోకుండా, మోసగాళ్లు మారుపేర్లతో దాక్కోకుండా పెట్టిన ఏర్పాటు అది, నేను తప్పుపట్టను. కానీ అందువల్ల మన దేశంలో ఫోన్ నంబరు ఇచ్చామంటే పేరు కూడా ఇచ్చినట్టే. పైగా మీ నంబరు వందమంది ఫోన్లలో మీ అసలు పేరుతో, కొన్నింటిలో 'బాబాయి గుంటూరు', 'సతీష్ కారు సెకండ్ హ్యాండ్' లాంటి పేర్లతో సేవ్ అయి ఉంటుంది, వాళ్లలో కొందరు కాంటాక్టులన్నీ ఊడ్చుకుపోయే యాప్‌లకు ఎప్పుడో అనుమతి ఇచ్చేసి ఉంటారు.

మరి దొంగ పేరు దేనికీ పనికిరాదా అంటే ఒకదానికి భలే పనికొస్తుంది, ఎవరు అమ్ముకున్నారో పట్టుకోవడానికి. ఒకసారి ఫ్లాట్ల ధరలు చూసే సైట్లో సోమరాజు అని రాశాను. మా ఇంటావంటా ఆ పేరు ఎవరికీ లేదు. ఎనిమిది రోజులకు పర్సనల్ లోన్ ఇస్తామంటూ ఒకమ్మాయి ఫోన్ చేసి "సోమరాజు గారేనాండీ" అంది. ఆ తర్వాత సోమరాజు గారికి ఇన్వర్టర్ బ్యాటరీలు వచ్చాయి, హెల్త్ ప్యాకేజీలు వచ్చాయి, శంషాబాద్ దగ్గర ప్లాట్లు వచ్చాయి. తెలియని నంబరు మోగితే మా ఆవిడ ఇప్పటికీ "సోమరాజు గారూ, మీకే" అంటుంది. సైటు పేరు చెప్పను, నా దగ్గరున్నది ఆ ఒక్క ఆధారమే, కోర్టులో నిలబడేది కాదు. కానీ నాకు తెలిసిపోయింది కదా, మళ్లీ అటు వెళ్లలేదు.

ఈ జాబితాలు చేతులు మారడం ఏ స్థాయిలో ఉంటుందో మన దగ్గరే బయటపడింది. 2023 మార్చిలో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నప్పుడు 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్నారన్నారు, కొద్దిరోజులకే ఇంకొకతన్ని అరెస్టు చేసి 66.9 కోట్ల మంది, సంస్థల వివరాలు దొరికాయన్నారు. ఇక లీకుల సంగతి వేరే. 2021లో డొమినోస్ ఇండియా ఆర్డర్ల వివరాలు 18 కోట్ల దాకా బయటికొచ్చాయని వార్తలు, అదే ఏడు ఎయిరిండియా తమ ప్రయాణికుల్లో సుమారు 45 లక్షల మంది వివరాలు పోయాయని తనే చెప్పింది. పిజ్జా విషయంలో దొంగ పేరు రాసినవాడికీ ఒరిగిందేమీ లేదు, నంబరూ ఇంటి అడ్రసూ అసలువే కదా, అవి లేకపోతే పిజ్జా ఇంటికి రాదు.

ఇక పుట్టిన తేదీ. దీని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే నా లెక్కలో అబద్ధం చెప్పాల్సిన మొదటి గడి ఇదే. పోయిన తరంలో సగం మందికి సర్టిఫికెట్లో ఉన్న తేదీ బడిలో చేర్చుకున్న మాస్టారు వేసిందే, జూన్ ఒకటో జులై ఒకటో పెట్టి ఏడాది అటూఇటూ సర్దేశారు. మా నాన్న నిజంగా పుట్టింది సంక్రాంతి వెళ్లిన మూడో రోజు, ప్రభుత్వం లెక్కలో జులై 1. ఆయన అసలు తేదీ ఏ లీకులోనూ దొరకదు, తెలియకుండానే ఎంత పని చేశారో ఆ మాస్టారు.

నవ్వులాటకు అనలేదు. మన బ్యాంకు స్టేట్‌మెంట్లు, బీమా కాగితాలు ఈమెయిల్‌లో వచ్చినప్పుడు వాటికి తాళం ఏమిటో గుర్తుందా? చాలా చోట్ల పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన రోజు, నెల. ఈ-ఆధార్ ఫైలుకైతే పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. కస్టమర్ కేర్‌కు ఫోన్ చేస్తే మీరు మీరేనా అని తేల్చుకోవడానికి అడిగేదీ ఆ తేదీయే. అలాంటిదాన్ని పుట్టినరోజు కూపన్ ఇస్తామన్న చెప్పుల షాపుకి ఇచ్చేస్తున్నాం.

ఇంకో లెక్క చూడండి. మీ పిన్‌కోడ్ పరిధిలో యాభై వేల మంది ఉన్నారనుకుందాం. డెబ్బై ఏళ్లు, ఏడాదికి 365 రోజులు, ఆడా మగా రెండు, అన్నీ గుణిస్తే 51,100 గళ్లు. అంటే సగటున గడికి ఒక్క మనిషి. పేరు లేకుండా, నంబరు లేకుండా, పిన్‌కోడ్, పుట్టిన తేదీ, ఆడో మగో, ఈ మూడూ చాలు, వీధిలో మిమ్మల్ని వేలు పెట్టి చూపించినట్టే. అమెరికాలో లటాన్యా స్వీనీ అనే ఆవిడ 2000లో ఇదే లెక్క కట్టి అక్కడి జనంలో 87 శాతం మందిని జిప్ కోడ్, పుట్టిన తేదీ, జెండర్ కలిపితే ఒక్కరిగా విడదీయొచ్చని చూపించింది. అందుకే నేను సంవత్సరం కాస్త దగ్గర్లో ఉంచి రోజు, నెల మార్చేస్తాను. సంవత్సరం మరీ మార్చొద్దు, అబద్ధమైనా అతికినట్టుండాలంటారు కదా. హడావుడిలో మొన్నటి సంవత్సరం పెట్టేసి, పదమూడేళ్లు లేవని అకౌంటు మూతబడి, తెరిపించుకోవడానికి గుర్తింపు కార్డు పంపుకున్నవాళ్లున్నారు. దాచుకుందామని పోయి చివరికి కార్డు ఫొటోయే చేతిలో పెట్టడం! ఫోను మొత్తం ఆధారపడిన ముఖ్యమైన ఈమెయిల్ అకౌంటుకు మాత్రం అసలు తేదీనే ఉంచండి.

మీ రెండో ప్రశ్న ముందు చెప్పేస్తాను, తర్వాత చిక్కుల్లో పడతామా అన్నది. పడతారు. నేను పడ్డాను. 2016 నవంబర్లో నోట్ల రద్దప్పుడు చిల్లర దొరక్క అందరిలాగే నేనూ ఒక వాలెట్ యాప్ పెట్టుకున్నాను. అప్పట్లో అదేదో పిల్లల ఆటలాగుండేది, ఆధార్ లేదు పాన్ లేదు, పేరు సోమరాజు అని రాసి, తేదీ తోచింది పెట్టేశాను. తర్వాత రిజర్వు బ్యాంకు నిబంధనలు మారి 2018 ఫిబ్రవరి ఆఖరుకల్లా పూర్తి కేవైసీ, అంటే కార్డులు చూపించి మనం మనమేనని రుజువు, చేయించుకోవాలన్నారు. అప్పుడు మొదలైంది. అందులో మూడు వేల చిల్లర ఉంది, ఖర్చుపెట్టుకోవచ్చు గానీ బ్యాంకుకు పంపుకోలేను, కొత్తగా వేసుకోలేను. కేవైసీ చేయిద్దామంటే ఆధార్‌లో పేరొకటి, యాప్‌లో పేరొకటి, తేదీ కూడా కలవదు. పేరు మార్చండి అంటే గెజిట్ కాగితం ఉందా అన్నాడు అవతలివాడు. సోమరాజు నుంచి నా పేరుకు మారినట్టు గెజిట్లో ఎలా వేయించను? ఆఖరికి ఆ డబ్బుతో ఇంట్లో అందరి ఫోన్లూ రీఛార్జి చేసి ఖాతా వదిలేశాను.

అప్పట్నుంచి ఫారం నింపేముందు ఒకటే చూసుకుంటాను. ఈ సైటు ఎప్పుడైనా నా డబ్బు పట్టుకుని ఉంటుందా, లేదా ఎప్పుడైనా నన్ను కార్డు చూపించమంటుందా? ఈ రోజు అడగడం లేదు కదా అనుకోకండి, నా వాలెట్ కూడా ఆ రోజు అడగలేదు. ఆ అవకాశం ఉంటే అక్షరం పొల్లుపోకుండా ఆధార్‌లో ఉన్నట్టే రాస్తాను. రైలు టికెట్, విమానం టికెట్, వాలెట్, షేర్లు, ఉద్యోగాల పోర్టల్, పరీక్షల దరఖాస్తు అన్నీ ఈ కోవలోవే. పీఎఫ్ డబ్బు తీసుకోవడానికి వెళ్లినవాళ్లను అడగండి, పేరులో ఒక్క అక్షరం తేడాకు ఎన్ని నెలలు తిరిగారో, అదీ ఏ అబద్ధమూ ఆడకుండానే.

బీమా విషయంలో మీరు చేసిన పనిలో రెండు భాగాలున్నాయి, కలిపేయకండి. రేటు చూడ్డానికి నింపే ఫారంలో పేరు ఏదైనా ఒకటే. పాలసీ తీసుకునే దరఖాస్తులో మాత్రం ఒక్క గడి కూడా తప్పు ఉండకూడదు. జీవిత బీమాలో మొదటి మూడేళ్లలో అబద్ధం బయటపడితే కంపెనీ క్లెయిమ్ కొట్టేయొచ్చు, బీమా చట్టం 45వ సెక్షన్ ఆ గడువు పెట్టింది. సిగరెట్ అలవాటు ప్రైవసీ కోసం దాచాను అంటే అక్కడ వినేవాళ్లుండరు, పైగా అప్పటికి చెప్పడానికి మీరుండరు, ఇంట్లోవాళ్లు తిరగాలి. అలాగే మందుల యాప్‌లు, డాక్టర్ అపాయింట్‌మెంట్లు. పేరు సంగతి ఎలా ఉన్నా వయసు, బరువు, అలర్జీలు నిజమే రాయండి.

నేరమా అన్నదానికి నేను వకీలును కాదు, కానీ ఉద్యోగంలో ఈ చట్టాలు చదవక తప్పలేదు. సైటు నియమాల్లో 'సరైన వివరాలే ఇవ్వాలి' అని రాసి ఉంటుంది, దాన్ని తప్పితే వాళ్లు చేయగలిగింది సాధారణంగా అకౌంటు తీసేయడం. ఊరికే పేరు మార్చి వంటల సైట్లో చేరినందుకు పోలీసులు రారు. నేరం ఎక్కడ మొదలవుతుందంటే, మోసం కలిసినచోట. భారతీయ న్యాయ సంహిత 319వ సెక్షన్ ప్రకారం వేరే మనిషినని చెప్పి మోసం చేస్తే ఐదేళ్ల దాకా జైలు, ఐటీ చట్టం 66డి ప్రకారం కంప్యూటర్ ద్వారా అదే పని చేస్తే మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. చాలామందికి తెలియని ముక్క ఒకటుంది, మీరు పెట్టిన పేరు గల మనిషి నిజంగా ఉండాల్సిన పనిలేదు, ఊహించి పెట్టిన పేరైనా ఆ 319 వర్తిస్తుంది. కాబట్టి 'సోమరాజు అనేవాడే లేడు కదా' అన్నది వాదన కాదు. మోసం లేదు కదా అన్నదే వాదన. ఈ తేడా ఎక్కడ బయటపడుతుందంటే, కొత్త కస్టమర్‌కు మొదటి ఆర్డరు మీద తగ్గింపు అంటే ఆరు పేర్లతో ఆరు అకౌంట్లు తెరిచి తగ్గింపు కొట్టేసేవాళ్లు ఉంటారు చూడండి, వాళ్లు దాన్ని తెలివి అనుకుంటారు. అక్కడ అబద్ధం మీద డబ్బు చేతులు మారింది, ప్రైవసీ మాట ఎత్తే వీల్లేదు.

సిమ్ కార్డు దగ్గరైతే అసలు ఆలోచించనే వద్దు. 2023 టెలికం చట్టం ప్రకారం మోసంతోనో మారువేషంతోనో సిమ్ తీసుకుంటే మూడేళ్ల దాకా జైలు, లేదా 50 లక్షల దాకా జరిమానా, రెండూ కూడా పడొచ్చు.

అదే ఏడాది ఆగస్టులో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా మీకు సంబంధించిందే. అందులో కంపెనీల బాధ్యతలతోపాటు మన బాధ్యతలు కూడా 15వ సెక్షన్‌లో రాశారు, వేరే వ్యక్తిలా నటించకూడదు, ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, చిరునామా పత్రాల కోసం వివరాలిచ్చేటప్పుడు ముఖ్యమైనవి దాచకూడదు వగైరా. తప్పితే పదివేల దాకా జరిమానా. జాగ్రత్తగా చదివితే ప్రతి ఫారంలోనూ ప్రతి గడీ నిజం రాయాలని అందులో లేదు, ఇంకొకరిలా నటించవద్దని ఉంది. అదే చట్టం కంపెనీకి ఏం చెప్తుందంటే, చెప్పిన పనికి అవసరమైనంత వరకే మీ సమ్మతి చెల్లుతుంది. డాక్టర్‌తో మాట్లాడించే యాప్ మీ కాంటాక్టుల జాబితా కూడా అడిగి మీరు సరే అన్నా, ఆ జాబితాకు ఆ సరే చెల్లదని చట్టంలోనే ఉదాహరణ ఇచ్చారు. నియమాలు 2025 నవంబర్లో వచ్చాయి, కంపెనీల మీద పడే ముఖ్యమైన బాధ్యతలకూ, ఈ 15వ సెక్షన్‌కూ పద్దెనిమిది నెలల గడువు పెట్టారు. 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలతో ప్రైవసీ ప్రాథమిక హక్కని చెప్పినప్పట్నుంచి ఇక్కడికి రావడానికి ఇంతకాలం పట్టింది, ఈ మధ్యలో మనల్ని మనమే కాపాడుకున్నాం, సోమరాజులై.

నేరం సంగతి సరే, తప్పా అని కూడా మీ మనసులో ఉండే ఉంటుంది, అంటే పాపమా అని. శుక్రాచార్యుడు బలిచక్రవర్తికి ఎక్కడెక్కడ బొంకవచ్చో జాబితా చెప్పాడు, అందులో ప్రాణం, విత్తం, మానం ఉన్నాయి, రిజిస్ట్రేషన్ ఫారం లేదు. బలి ఆ సలహా విననూ లేదు. నా మటుకు నాకు, అవసరం లేనిది అడిగినవాడికి అవసరం లేని జవాబు చాలు. అవతల నిజంగా నా మాట నమ్మి ఒక మనిషి ఏదో పనిచేస్తుంటే మాత్రం నోరు రాదు. రక్తదానం గ్రూపులో వయసు, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ రిజిస్టరు, చిన్న క్లినిక్ చీటీ, ఇలాంటి చోట్ల అబద్ధం రాయను.

మీలాంటివాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇంకోటుంది, నోటికొచ్చిన పది అంకెలు కొట్టేయడం. మన మొబైల్ నంబర్లు ఆరు నుంచి తొమ్మిది వరకు ఏదో ఒక అంకెతో మొదలవుతాయి, అంటే మొత్తం 400 కోట్ల నంబర్లు, వాడకంలో ఉన్నవి వంద కోట్లకు పైనే. మీరు గాల్లో వేసిన నంబరు ఎవరో ఒకరిది అయ్యే అవకాశం నాలుగింట ఒకటి. ఆ ఫోన్లన్నీ నల్గొండలో ఏ రైతుకో, ఏ పరీక్షకు చదువుకుంటున్న పిల్లకో వెళ్తాయి. మీ టెన్షన్ తీసుకెళ్లి వాళ్ల నెత్తిన పెట్టినట్టు. ఓటీపీ కోసమని నెట్‌లో ఉచితంగా దొరికే నంబర్ల జోలికీ పోవద్దు, ఆ మెసేజీలు మీతోపాటు ప్రపంచమంతా చదువుతుంది, ఎవడైనా పాస్‌వర్డ్ మార్చేసుకుని మీ అకౌంటు తీసుకుపోగలడు.

నేను చేసేది చాలా మామూలు పని. మీ పేరు మీదే, అసలు కాగితాలతోనే, ఇంకో సిమ్ తీసుకోండి. ఒక మనిషికి తొమ్మిది దాకా ఇస్తారు. ఇప్పటి ఫోన్లలో చాలావాటికి రెండు సిమ్‌ల చోటు ఉంది. ఒక నంబరు బ్యాంకుకు, ఆధార్‌కు, ఇంట్లోవాళ్లకు. రెండోది షాపులకు, సైట్లకు, ఫ్లాట్లవాళ్లకు, బీమా రేట్లకు. రెండోదానికి యూపీఐ కట్టకండి, వాట్సాప్ పెట్టకండి, అప్పుడు నంబరు కొడితే పేరు రావడం ఉండదు. రాత్రి ఆ సిమ్ ఆపేసి పడుకోవచ్చు, అదొక సుఖం. రీఛార్జి చెయ్యడం మర్చిపోతే మాత్రం నంబరు పోతుంది, కనీసం తొంభై రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేస్తారు, అప్పుడు దాంతో తెరిచిన అకౌంట్ల ఓటీపీలు వాళ్లకే వెళ్తాయి. కాబట్టి డబ్బుకు సంబంధించిందేదీ దాని మీద పెట్టొద్దు. పనిలో పనిగా కేంద్ర టెలికం శాఖ వాళ్ల సంచార్ సాథీ సైట్లో మీ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూసుకోండి, మీవి కానివి ఉంటే అక్కడే చెప్పొచ్చు. ఈ సదుపాయం 2021లో ముందు ఆంధ్ర, తెలంగాణ వాళ్లకే వచ్చింది.

ఈమెయిల్ ఇంకా సులువు. జీమెయిల్‌లో మీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాటైనా చేర్చొచ్చు, ఉత్తరం మీకే వస్తుంది. ఎవరు అమ్ముకున్నారో తెలుస్తుంది గానీ దాక్కోవడానికి పనికిరాదు, ప్లస్ తర్వాత ఉన్నది కత్తిరించడానికి ప్రోగ్రామ్‌లో ఒక్క లైను చాలు, నేనే రాశాను ఒకప్పుడు. నిజంగా దాక్కోవాలంటే ఆపిల్ వాళ్ల హైడ్ మై ఈమెయిల్, ఫైర్‌ఫాక్స్ రిలే లాంటివి సైటుకొక చిరునామా పుట్టించి ఇస్తాయి, విసిగిస్తే దాన్నొక్కదాన్నే ఆపేయొచ్చు. అయిదు నిమిషాల్లో మాయమయ్యే చిరునామాలు ఒక్కసారి చదివి వదిలేసేదానికే, పాస్‌వర్డ్ మర్చిపోతే తిరిగి రాలేరు.

రహస్య ప్రశ్నలకు మాత్రం ఎప్పుడూ అబద్ధమే చెప్పండి. అమ్మ పుట్టింటి పేరేమిటి అని అడుగుతాడు, మన దగ్గర అది రహస్యమా? పెళ్లి శుభలేఖలో మేనమామల పేర్లతో సహా అచ్చేసి ఊరంతా పంచుతాం. 2008లో అమెరికా ఉపాధ్యక్ష పదవికి పోటీ చేస్తున్న సారా పేలిన్ యాహూ మెయిల్‌ను ఒక కాలేజీ కుర్రాడు ఇలాంటి ప్రశ్నలకు నెట్‌లో వెతికి జవాబులు చెప్పే తెరిచేశాడు. అమ్మ పుట్టింటి పేరు 'గోంగూర 47 సైకిల్' అని పెట్టండి, ఎవడు కనుక్కుంటాడో చూద్దాం. ఏం పెట్టారో రాసుకోవాలి, అంతే. బిట్‌వార్డెన్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌లో ఆ సైటు పక్కనే రాసుకుంటే సరి, పేరు, తేదీ, ఏ అబద్ధం ఎక్కడ చెప్పామో అన్నీ. అది చేతకాకపోతే బీరువాలో ఒక నోటుబుక్కు. నాకు తెలిసి సొంత అబద్ధం మర్చిపోయి బయట నిలబడినవాళ్లే హ్యాకింగ్‌కు గురైనవాళ్లకంటే ఎక్కువ.

మీకు సంబంధం ఉందో లేదో గానీ, పిల్లల్ని అమెరికా పంపేవాళ్లు ఇది చదువుతుంటారు కాబట్టి చెప్పాలి. వీసా దరఖాస్తు డీఎస్-160లో 2019 నుంచి గత ఐదేళ్లలో వాడిన సోషల్ మీడియా అకౌంట్ల పేర్లు అడుగుతున్నారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసాలవాళ్లు ఆ అకౌంట్లను అందరికీ కనిపించేలా పెట్టాలన్నారు. సరదాగా మారుపేరుతో తెరిచిన ఇన్‌స్టా అకౌంటు కూడా మీరు వాడిన అకౌంటే, నా పేరు మీద లేదు కదా అని వదిలేయడానికి లేదు. మారుపేరు పెట్టుకోవడం అక్కడ తప్పు కాదు, అడిగినప్పుడు దాచడం తప్పు, ఉద్దేశపూర్వకంగా దాచారని తేలితే జీవితాంతం వీసా రాకుండా పోవచ్చు.

షాపు కౌంటర్ దగ్గరైతే అబద్ధం కూడా అక్కర్లేదు, ఇవ్వను అంటే చాలు. బిల్లుకు నంబరు కావాల్సిందేనని పట్టుబట్టొద్దని 2023 మేలో కేంద్ర వినియోగదారుల శాఖ వ్యాపారులకు చెప్పింది. "నంబరు లేకుండా బిల్లు కొట్టు బాబూ" అంటే మొదట సిస్టమ్ తీసుకోదంటాడు, వెనక క్యూ పెరిగేసరికి మేనేజర్ నంబరు వేసి కొట్టేస్తాడు. సైట్లలోనూ అంతే, తప్పనిసరి అని ఎర్ర చుక్క పెట్టని గడి ఖాళీగా వదిలేయండి. అలవాటుకొద్దీ అన్నీ నింపేస్తాం మనం, పరీక్షల్లో ఏ ప్రశ్నా వదలొద్దని పెంచారు కదా.

ఇక ఆ నలభై సైట్లు. మీ ఇన్‌బాక్స్‌లో 'వెల్‌కమ్', 'వెరిఫై' అని ఇంగ్లిష్‌లో వెతికితే నలభై కాదు, నూట నలభై బయటపడతాయి, భయపడకండి. హ్యావ్ ఐ బీన్ పోన్డ్ అనే సైట్లో మీ ఈమెయిల్ కొడితే వాటిలో ఏయే సైట్ల నుంచి ఇప్పటికే లీకయిందో చూపిస్తుంది, లీకయినవాటి పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే ముందు అది మార్చండి. తర్వాత ఇంటి అడ్రసు, పుట్టిన తేదీ ఉన్నవి పట్టుకోండి, అంటే పాత షాపింగ్ సైట్లు, ఫుడ్ యాప్‌లు, పెళ్లి సంబంధాల సైట్లు. అకౌంటు తొలగించు అని నొక్కితే చాలా చోట్ల నిజంగా తుడవరు, ఒక గడిలో 'ఇనాక్టివ్' అని మారుస్తారంతే, వరుస మొత్తం అలాగే పడుంటుంది, నేను పనిచేసిన చోట కూడా ఏళ్ల తరబడి అలాగే ఉండేది. అందుకని తొలగించే ముందు ప్రొఫైల్లోకి వెళ్లి సేవ్ చేసిన అడ్రసులు, కార్డులు తీసేసి, పేరు, తేదీ మార్చి, నంబరు రెండో సిమ్‌దిగా చేసి, వారం ఆగి అప్పుడు తొలగించండి. పాత ఆర్డర్ల మీద వారంటీ, రిఫండ్ ఏమైనా మిగిలుంటే బిల్లులు ముందే దించుకోండి. అయితే చట్టం కింద 'నా వివరాలు సవరించండి, తుడిచేయండి' అని కంపెనీకి అధికారికంగా రాసేటప్పుడు మాత్రం సోమరాజు పేరుతో రాయకండి, ఆ 15వ సెక్షన్ ప్రకారం అక్కడ ఇచ్చేవి రుజువు చేయగలిగినవే కావాలి. మీకు అన్ని ఫోన్లు తెచ్చిపెట్టిన ఆ బీమా సైటుతోనే మొదలుపెట్టండి, పాలసీ తీసుకోలేదు కాబట్టి పోయేదేమీ లేదు.